ఏడు దగ్గర ఆగిపోయిన సంఖ్య

ఆ రోజుల్లో ఏప్రిల్ నెల వచ్చిందంటే కోదాడలో ఎండలతో పాటు మేమూ రోడ్డెక్కేవాళ్లం. మేమంటే ప్రైవేటు బడి టీచర్లం. పరీక్షలు అయిపోయి పిల్లలు మామిడికాయల మీద పడితే, మేము పాంప్లెట్లు సంచుల్లో వేసుకుని పిల్లల కోసం ఇల్లిల్లూ తిరగాలి. దీన్ని క్యాన్వాసింగ్ అంటారు. ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ అదే ఎండ, అవే సంచులు. ఇప్పుడు నేను మిర్యాలగూడలో నా ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని, గేటు దగ్గర నిలబడ్డ కొత్త టీచరమ్మలకు మంచినీళ్లు ఇచ్చే స్థితికి వచ్చాను కాబట్టి నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఇరవై మూడేళ్ల వయసులో నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, అదీ రోడ్డు మీద.

మాది హాలియా. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను, వెంటనే బీఎడ్ కూడా పూర్తి చేశాను. కోదాడలో ఒక చిన్న బడిలో ఉద్యోగం దొరికితే మా నాన్న ఒక్క ఏడాది గడువు పెట్టాడు. "ఏడాది సూడు బిడ్డ. నిలబడ్డవా, సంతోషం. లేకుంటే మీ మామ ఎరువుల షాపుల కూసోవాలె" అన్నాడు. ఎరువుల షాపు మీద నాకు కోపమేమీ లేదు, ఆ వాసనకే తలనొప్పి. పైగా నేను లెక్కలు చెప్పడానికి పుట్టానని నాకు గట్టి నమ్మకం (ఆ నమ్మకం అప్పటికి నాకొక్కదానికే ఉండేది). అలాంటి ఏడాది చివర్లో మా బడి నడిపే కరస్పాండెంట్ సారు స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి, తలా పది అడ్మిషన్లు తేవాలని చెప్పాడు. ఆయనది కృష్ణా నది అవతలి ఆంధ్రా మాట. ఎంత కఠినమైన సంగతైనా మర్యాదగా చెప్తాడు. "బడి తెరిచే రోజుకి పది మందిని తెచ్చినవాళ్లు రండి. తేనివాళ్లు శ్రమపడి రావక్కర్లేదండి" అన్నాడు. అంత మర్యాదగా ఉద్యోగం ఊడుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మా హిందీ మేడం మొదటి వారంలోనే పది దాటేసింది. ఆమె గేటు తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయేది. "ఏమక్కా, పప్పు పొంగుతున్నది సూడు" అని స్టవ్ తగ్గించి మాట మొదలుపెట్టేది. ఆవిడ బయటికి వచ్చేసరికి ఆ ఇంటి ఇద్దరు పిల్లలూ మా బడి పిల్లలైపోయేవారు. నేను గేటు దగ్గరే నిలబడి, గొంతు సవరించుకుని, "మా బడిలో గణితం బాగా చెప్తారండి" అనేదాన్ని. ఎవరు చెప్తారని వాళ్లు అడిగేవారు. "నేనే" అనడానికి సిగ్గేసి నేల చూసేదాన్ని. రెండు వారాలు తిరిగాను. చెప్పులు అరిగాయి, ముక్కు కమిలింది. అడ్మిషన్లు సున్నా.

అప్పుడు నాకు నా సంఖ్య గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వయసులో నా స్నేహితురాళ్లు మనుషుల మీద మనసు పారేసుకుంటే నేను ఒక సంఖ్య మీద పారేసుకున్నాను. సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ మెస్సులో ఒక సీనియర్ అక్క నాకు ఒక చిక్కు లెక్క ఇచ్చింది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలూ ఒక్కోసారి మాత్రమే వాడి ఒక సంఖ్య రాయాలి. దాని మొదటి రెండు అంకెలు రెండుతో శేషం లేకుండా తెగాలి, మొదటి మూడు అంకెలు మూడుతో, మొదటి నాలుగు నాలుగుతో, ఇలా చివరికి మొత్తం పది అంకెల సంఖ్యా పదితో తెగాలి. మూడు వారాలు పట్టింది నాకు. పదితో తెగాలంటే సున్నా ఆఖర్నే కూర్చోవాలి. సున్నా పోయాక ఐదో చోట ఐదు తప్ప ఇంకేదీ కుదరదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది చోట్ల సరి అంకెలే ఉండాలి. ఇలా ఒక్కొక్క అంకెనూ దాని కుర్చీలో కూర్చోబెడుతూ పోతే చివరికి మిగిలింది 3816547290. మన లెక్కలో చెప్తే మూడు వందల ఎనభై ఒక్క కోట్ల అరవై ఐదు లక్షల నలభై ఏడు వేల రెండు వందల తొంభై. పది అంకెలను ముప్పై ఆరు లక్షల పైచిలుకు రకాలుగా పేర్చవచ్చు, అన్నిటిలోకీ ఈ గుణం ఉన్నది ఇదొక్కటే. అది దొరికిన రోజు మెస్సులో అందరికీ నా అరటిపండు పంచిపెట్టాను (ఒక్కటే పండు, ఎనిమిది ముక్కలు).

ఈ సంఖ్యను పాంప్లెట్ మీద వేస్తే పిల్లలు తమంతట తాము పరుగెత్తుకొస్తారని నా ఆలోచన. కరస్పాండెంట్ సారు నన్ను కాసేపు చూసి, "వేయండి మేడం గారూ, కింద చిన్నగా వేయండి. కొత్త పాంప్లెట్లు ఎలాగూ కొట్టించాలి" అన్నాడు. ఆయన తెలిసిన ప్రెస్సు సూర్యాపేటలో ఉంది. నేనే బస్సెక్కి వెళ్లాను. అక్కడ కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే డీటీపీ అన్న చెవిలో పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చీటీ మీద సంఖ్య రాసి, కింద "ఈ సంఖ్యలో ఒక వింత ఉంది. తెలుసుకోవాలంటే మా బడికి రండి" అని రాసి ఇచ్చాను. "అర్ధగంట ఆగున్రి మేడం, ప్రూఫ్ సూసి పోదురు" అన్నాడాయన. బయట కోదాడ బస్సు ఇందాకటి నుంచీ హారన్ కొడుతోంది. "మీరే చూడండన్నా" అని పరుగెత్తాను. జీవితంలో నేను చేసిన పరుగులన్నిటిలో నన్ను ఎక్కువ దూరం తీసుకెళ్లింది అదే.

రెండు రోజులకు పాంప్లెట్ల కట్ట బస్సు డ్రైవర్ పక్కన కూర్చుని కోదాడ వచ్చింది. వచ్చిన పొద్దునే పేపర్లలో పెట్టి ఊరంతా, చుట్టుపక్కల ఊళ్లకూ పంచేశారు. నేను పదింటికి తీరిగ్గా ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పైన బడి పేరు, మధ్యలో నవ్వుతున్న పిల్లలు, కింద నా సంఖ్య. సంఖ్యకు ముందు ఒక టెలిఫోన్ బొమ్మ. బొమ్మ పక్కన "సెల్:" అని లావు అక్షరాలు. నా వింత మాట లేదు. బడి అసలు ఫోన్ నంబరూ లేదు.

ప్రెస్సుకు ఫోన్ చేశాను. డీటీపీ అన్న ఏమాత్రం తడబడలేదు. "పది అంకెలుంటే సెల్ నంబరే గద మేడం. రెండు నంబర్లకు జాగ సాలలే. మీది మస్తుగున్నది, ఒక్క అంకె రెండోసారి రాలే. సారు ఫ్యాన్సీ నంబర్ కొన్నడనుకొని గదే ఉంచిన" అన్నాడు. మూడుతో మొదలయ్యే సెల్ నంబర్ ఎక్కడైనా ఉందా అన్నా అని అడిగితే, "కొత్త సిరీస్‌లు వస్తనే ఉన్నయ్ గద" అన్నాడు. వింత ఉందన్న మాట ఎందుకు తీసేశారంటే, "ఫోన్ నంబర్ల వింతేంది మేడం, సదివినోళ్లు నవ్వరా?" అని నన్నే మందలించాడు.

ఐదు వేల పాంప్లెట్లు. ఐదు వేల ఇళ్లకు మా బడి ఫోన్ నంబరంటే మూడు వందల ఎనభై ఒక్క కోట్ల చిల్లర. కరస్పాండెంట్ సారు అరవలేదు. అరిచినా బాగుండేది. గేటు పక్కన వేపచెట్టు నీడలో ఒక టేబులు, రెండు కుర్చీలు వేయించాడు. "ఫోన్ కలవట్లేదని వచ్చేవాళ్లకి మీరే సమాధానం చెప్పండి మేడం గారూ. బడి తెరిచేదాకా మీ డ్యూటీ ఇదే" అన్నాడు. హిందీ మేడం దారిన పోతూ నా భుజం తట్టి ఒక మజ్జిగ పాకెట్ ఇచ్చింది. ఆ ఓదార్పుకు నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఎరువుల వాసన కోదాడ దాకా వస్తున్నట్టే అనిపించింది.

మొదటి రోజు నలుగురు వచ్చారు, నలుగురూ తిట్టడానికే. రెండో రోజు పదకొండు గంటలప్పుడు భుజాన గొంగడి వేసుకున్న ఒక పెద్దాయన, వెంట రెండు జడల పిల్ల వచ్చారు. ఆయన చేతిలో నూనె మరకల పాంప్లెట్ ఉంది. కోదాడ పక్కన చిలుకూరులో పునుగులు కట్టిచ్చిన కాగితమట.

"దండం మేడం. గీ నంబర్ కలుస్తలేదు. మా బిడ్డ పక్కింటోళ్ల ఫోన్ల పదకొండుసార్లు కొట్టింది. గిసొంటి నంబర్ లేనే లేదంటున్నది గా ఫోనామె. బడన్న ఉన్నదా లేదా సూసిపోదామని వచ్చినం" అన్నాడు.

"బడి ఉంది పెద్దయ్యా. ఆ నంబర్ ఫోన్‌ది కాదు" అన్నాను.

"మరి దేనిది?"

ఎవరూ అంతవరకు అడగని ప్రశ్న అది. నాకు ప్రాణం లేచొచ్చింది. సుద్దముక్క తెచ్చి వరండా గచ్చు మీద పాంప్లెట్ చూసి సంఖ్య రాశాను. మా మాటలు విని కరస్పాండెంట్ సారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిన మరో ఇద్దరు కూడా ఆగారు. ముప్పై ఎనిమిది రెండుతో తెగుతుందని చెప్పాను. మూడు వందల ఎనభై ఒకటి మూడుతో అని నోరు తెరిచేలోపు పెద్దాయన, "ముగ్గురన్నదమ్ములైతే తలా నూట ఇరవై ఏడు గొర్లు" అనేశాడు. మందలు పంచి పంచి ఆయనకు భాగహారం నోట్లో ఉంది. మూడు వేల ఎనిమిది వందల పదహారు నలుగురికి అంటే, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "తొమ్మిది వందల యాభై నాలుగు. గన్ని గొర్లు ఎవనికుంటయ్ బిడ్డా, మేపుకపోయేతందుకు జాగేడిది?" అన్నాడు. అందరూ నవ్వారు. కరస్పాండెంట్ సారు కూడా కొద్దిగా నవ్వినట్టే ఉంది. ఐదు తెగింది. ఆరు తెగింది. నా గొంతు పెరిగింది, చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. "ఇప్పుడు అసలైనది చూడండి, ఏడు!" అన్నాను.

ఏడు దగ్గర రెండు మిగిలింది.

మళ్లీ చేశాను. మళ్లీ రెండే మిగిలింది. చెరిపి ఇంకోసారి చేస్తే ఈసారి ఐదు మిగిలింది (కంగారులో ఎక్కాలు కూడా నన్ను వదిలేశాయి). ఆగిన ఇద్దరూ వెళ్లిపోయారు. కరస్పాండెంట్ సారు గొంతు సవరించుకుని లోపలికి వెళ్లాడు. నేను గచ్చు మీద కూర్చుని సుద్ద చేతులతో మొహం తుడుచుకున్నాను. మూడు వారాలు కష్టపడి కనుక్కున్న సంఖ్య, నేను పడుకున్నా లేచినా తోడున్న సంఖ్య, అందరి ముందూ నన్ను వదిలేసిందే అన్న బాధ ఒక్కటే నాకు. ఉద్యోగం గురించి కూడా ఆ క్షణంలో గుర్తు లేదు. పెద్దాయన జాలిగా చూసి, "పోనీ తియ్ మేడం, రెండు గొర్లు ఎక్కువున్నయనుకో" అన్నాడు.

ఆ పిల్ల మాత్రం లేవలేదు. ఐదో తరగతి అయిపోయిన పిల్ల, నా సుద్దముక్క తీసుకుని పక్కన చిన్నచిన్న అంకెలు వేసుకుంటోంది. కాసేపటికి తలెత్తకుండానే, "టీచర్, గీడ రెండుండొద్దు" అంది.

"ఏమన్నవ్?"

"ఆరు దాక సక్కగనే వచ్చింది గద. ఏడోదాని జాగల సున్నా పెడితే తెగుతది, ఏడు పెడితే తెగుతది. ఇంకేది పెట్టినా తెగదు. సున్నా ఆఖరుకు పోయింది. ఇగ ఏడే ఉండాలె. ఈ ఏడు, ఈ రెండు అటుదిటు అయినయ్ టీచర్."

నేను పాంప్లెట్ చూశాను. 3816542790 అని ఉంది. నా సంఖ్యను నేనే మరిచిపోయానా అనిపించింది. డీటీపీ అన్న మీద కొత్త కోపంతో సంచి వెతికితే, పాంప్లెట్ల కట్టతో పాటు ఆయన తిరిగి పంపిన నా చీటీ దొరికింది. నా చేతిరాత. బస్సు హారన్ వింటూ రాసిన చేతిరాత. 2790 అని గుండ్రంగా, స్పష్టంగా నేనే రాశాను. ఫోన్ బొమ్మ తప్పు ఆయనది, అంకెల తప్పు నాది. నా ప్రియమైన సంఖ్యను నేనే తప్పు రాసి, తిట్టడానికి సూర్యాపేట వైపు చూశాను.

రెండు అంకెలూ మార్చి రాసి భాగించాను. ఏడు తెగింది. ఎనిమిది తెగింది. తొమ్మిది తెగింది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను ఆ పిల్ల రెండు జడలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాను, సుద్ద అంటింది. "పెద్దయ్యా, ఈ పిల్లను నాకు ఇయ్యి. నేను చదివిస్త" అన్నాను. గొంతు సవరించుకోలేదు, నేల చూడలేదు. పెద్దాయన గొంగడి సర్దుకుని, "మందను తోలుకొని కృష్ణ అవుతలికి పోతున్నం మేడం, గడ్డి కోసం. మా ఇంటిది కూడ వస్తది. పిల్లను ఒక్కదాన్ని ఏడ ఇడిసిపెట్టాలె? మల్లొచ్చినంక సూద్దాం" అన్నాడు. వాళ్లు గేటు దాటుతుంటే పిల్ల రెండుసార్లు వెనక్కి చూసింది. ఇంకో బడికి పోతుందేమోనన్న భయం కాదు నాది, ఏ బడికీ పోదేమోనని.

తర్వాత నెలంతా వేపచెట్టు కింద నాకు ఒకటే పని. ఫోన్ కలవలేదని వచ్చినవాళ్లకు క్షమాపణ చెప్పడం, కూర్చోబెట్టి సరైన సంఖ్య చూపించడం, ఏడు దగ్గర చిలుకూరు పిల్ల కథ చెప్పడం. ఫోన్ కలిసి ఉంటే వీళ్లలో సగం మంది ఫీజు అడిగి పెట్టేసేవాళ్లు. కలవలేదు కాబట్టి ఎండలో నడిచి వచ్చారు, వచ్చారు కాబట్టి విన్నారు. కొందరు విని తిట్టారు కూడా. ఒకాయన తన ఆటో నంబర్ ఏడుతో తెగుతుందో లేదో చూపించమని గంట కూర్చుని, చూపించాక పిల్లల్లేరని చెప్పి వెళ్లాడు. చివరికి బడి తెరిచే రోజుకు నాకు తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది మందే.

కరస్పాండెంట్ సారు గదిలో రిజిస్టరు ముందు నిలబడ్డాను. అటునుంచటే హాలియా బస్సెక్కడానికి బట్టల సంచి కూడా సర్దుకుని వచ్చాను. ఆయన నా పేరు కింద ఒకటి నుంచి తొమ్మిది దాకా పేర్లు వేలితో లెక్కపెట్టాడు. పదో వరుస దగ్గర వేలు ఆగింది. "ఒకటి తక్కువండి" అన్నాడు. తల ఊపాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నెల రోజులుగా కిటికీలోంచి మీ పాఠం వింటున్నానండి. నాకు మొత్తం వచ్చేసింది. తొమ్మిది దాకా ఎంత సక్రమంగా ఉన్నా, ఆఖర్న సున్నా లేకపోతే పదితో తెగదన్నారు కదా?" అన్నాడు. అన్నానని ఒప్పుకున్నాను. పెన్ను తీసి పదో వరుసలో గుండ్రంగా సున్నా రాశాడు. "మరి సున్నా కూడా అంకేనండి. క్లాసుకి వెళ్లండి" అన్నాడు. బట్టల సంచితోనే క్లాసుకు వెళ్లాను. ఆ సంచి టేబులు కింద పెట్టి చెప్పిన పాఠం నా జీవితంలో బాగా చెప్పిన పాఠాల్లో ఒకటి.

ఆ సున్నా ఎక్కువ కాలం ఉండలేదు. మూడు వారాలకు వాన పడి, కృష్ణ అవతలి నుంచి మందలు తిరిగొచ్చాయి. గేటు దగ్గర గొంగడి, వెనకాల రెండు జడలు. సారు ఆ సున్నాను కొట్టేయలేదు, దాని పక్కనే పిల్ల పేరు రాశాడు.

పదిహేనేళ్లయింది. మా నాన్న పెట్టిన గడువు ఆయనే మరిచిపోయాడు. పెళ్లయి మిర్యాలగూడ వచ్చాను, ఇక్కడా లెక్కలే చెప్తున్నాను. మొన్న ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చెమటలు కారుతూ ఒక టీచరమ్మ, భుజాన సంచి, చేతిలో పాంప్లెట్. మంచినీళ్లు ఇచ్చి పాంప్లెట్ అందుకున్నాను. కింద ఒక మూల ఫోన్ నంబర్ ఉంది. ఇంకో మూల 3816547290 అని ఉంది. ఫోన్ బొమ్మ లేదు. "ఈ సంఖ్యలో ఒక వింత ఉంది" అని ఉంది. నాకు తెలియకుండానే వేలు ఏడో అంకె మీదికి పోయింది.

"ప్రూఫ్ నేనే సూసిన టీచర్. రెండుసార్లు సూసిన. బస్సు పోతే పోయిందనుకున్న" అంది ఆ అమ్మాయి. జడ ఇప్పుడు ఒకటే. నేను గేటు పట్టుకుని ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు. నా చిరునామా హిందీ మేడం దగ్గర తీసుకుందట. ఈ ఊళ్లో లెక్కల టీచరుగా చేరి ఏడాదైందట. ఎన్ని అడ్మిషన్లు వచ్చాయని అడిగితే అచ్చం నాలాగే నేల చూసి, "నాలుగు" అంది.

లోపలికి వెళ్లి గొడుగు తెచ్చాను. పద, నేను కూడా వస్తానన్నాను. ఒకప్పుడు గేటు దగ్గర గొంతు సవరించుకుంటూ నిలబడ్డ అప్పటి నాకు, ఆ ఇరవై మూడేళ్ల పిల్లకు, ఇలా ఎవరైనా గొడుగు పట్టి ఉంటే ముక్కు కమిలేది కాదు కదా అనుకున్నాను. ఆ పిల్ల మీద జాలీ, కొంచెం ముద్దూ కలిగాయి. పక్కింటి గేటు తీసుకుని నేరుగా లోపలికి నడిచాను. రైస్‌మిల్లులో మెషీన్లు చూసే ఆ ఇంటాయన మనవరాలు ఈ ఏడాది ఆరో తరగతిలోకి వస్తోంది. ఆయన పాంప్లెట్ తీసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, కిందంతా చూసి, జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక్కొక్క అంకే నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మూడు ఎనిమిది ఒకటి... గిదేంది మేడం, గీ నంబర్ కలుస్తలేదు?" అన్నాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వు ఆపుకుని, ఆయన పక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"సుద్దముక్క ఉన్నదా అన్నా మీ ఇంట్ల?" అన్నాను.